డాష్‌బోర్డు వెనక కొబ్బరినీళ్ళు

ఆ రోజు నేను ఒక పెద్దమనిషిని పదిమంది ముందు అబద్ధాలకోరన్నాను. అనడం కూడా ఆయన మతం ఎత్తి అన్నాను. ఆయన చెప్పింది నిజమని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా పదకొండు నెలలు నోరు మూసుకుని కూర్చున్నాను. ఈలోగా ఆయన పోయాడు. ఇదంతా ముందే చెప్పేస్తే మిగతాది రాయడానికి నాకు కాస్త మొహం ఉంటుంది.

పోయిన సంగతి టీ కొట్టు దగ్గర తెలిసింది. మండపేటలో మా టూరిస్టు బస్సులు నిలబడే చోటు పక్కనే ఆ కొట్టు. ఒక డ్రైవరు ఖాళీ గ్లాసు కింద పెడుతూ, "మన వీడియో మేస్త్రిగారు పోయారంటండి, మొన్న గురువారం," అన్నాడు.

"ఏ మేస్త్రి?" అన్నాడు పక్కనున్నవాడు.

"అదేరా, కళ్ళు మూసుకుని సినిమా చూసే ఆయన."

అప్పుడు గుర్తొచ్చాడు అందరికీ. ఒకళ్ళిద్దరు నా మొహం వైపు చూసి తల తిప్పుకున్నారు. నేను టీ సగంలో వదిలేసి వచ్చేశాను.

కళ్ళు మూసుకుని సినిమా చూడడమన్నది నిజమే. మాది ఒకే ఒక బస్సు, పెళ్ళిళ్ళకీ యాత్రలకీ తిప్పుతాను. డ్రైవరు సీటు వెనక పెద్ద టీవీ, మధ్యలో సీలింగుకి రెండు చిన్న తెరలు, ఒక ఆంప్లిఫయరు, పెన్‌డ్రైవు పెట్టే ప్లేయరు. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళ చేతిలో ఉంది. అయినా బస్సు మాట్లాడుకోడానికి వచ్చినవాళ్ళు సీట్లు చూడకముందే "వీడియో పలుకుతుందాండి?" అని అడుగుతారు. పెళ్ళివారికి పాటలు కావాలి, యాత్రవారికి హారతులు కావాలి. ఏసీ ఆగితే విసనకర్రతో సరిపెట్టుకుంటారు కాని టీవీ ఆగితే ఊరుకోరు. అలా ఆగినప్పుడల్లా మా స్టాండులో ఏడు బస్సులవాళ్ళమూ ఆయనకే ఫోను చేసేవాళ్ళం.

నాలుగు కిలోమీటర్ల అవతల కాలవగట్టు మీద ఊరు ఆయనది. పాత మోపెడ్ మీద, హ్యాండిలుకి గుడ్డసంచి తగిలించుకుని వచ్చేవాడు. సంచిలో స్క్రూడ్రైవరు, చిన్న సోల్డరింగు గన్ను, గరుకు కాయితం, పాత సైకిలు ట్యూబు ముక్కలు, వీటన్నిటి మీదా ఒక దీపం. దీపమంటే బస్సు వెనక లైట్లో ఉండే బల్బే. దానికి రెండు వైర్లు అతికించి పెట్టుకున్నాడు. మీటరు లేక కాదు, అది సంచి అడుగున ఉండేది.

"మీటరు అబద్ధం ఆడదండి," అనేవాడు. "కాని ఊరికే కూర్చున్న కరెంటుని చూసి ఇరవైనాలుగు వోల్టులుందని చెప్పేత్తాది. దీపం అలాక్కాదండి, పని చేయించి చూత్తాది. పని చెప్తేనే కదండి ఎవడి సత్తువెంతో తెలిసేది."

వచ్చీ రాగానే ఒక ప్రశ్న అడిగేవాడు. "ఆఖరుసారి శుభ్రంగా పలికినప్పుడు ఏం చూత్తన్నారండి?"

కొత్త డ్రైవర్లకి నవ్వొచ్చేది. "ఫైటింగు చూస్తున్నామండి. హీరో నలుగుర్ని కొట్టాడు. అది కూడా రాసుకుంటారేంటి మేస్త్రిగారు?"

"ఆ ఫైటింగప్పుడు వానొత్తందాండి? వైపర్లు తిరుగుతున్నాయా?"

"ఆఁ, వాన పడుతుంది."

"హారను కొట్టారాండి?"

"గేదెలొచ్చాయి అడ్డం. కొట్టానండి."

"ఆయ్, అదండీ సంగతి," అనేవాడు. మనకి ఫైటింగు గుర్తుంటే, దాని చుట్టూ అప్పుడేం జరిగిందో ఆయన మన నోటినుంచే లాగేవాడు.

తర్వాత బస్సు తీయించేవాడు. ఆఖరు వరసలో ఎడమవైపు మూల కూర్చుని, ఒక చెయ్యి బాడీ ఇనుము మీద ఆనించి, సినిమా పెట్టించి కళ్ళు మూసుకునేవాడు. కాలవ లాకుల దాకా వెళ్ళి తిరిగి రావాలి. దారిలో ఎక్కడో, "అదిగోండి, గేరు మార్చారు కదా, గొంతు బొంగురుపోయింది. ఆపండి," అనేవాడు. మాకెవరికీ ఆ తేడా వినపడేది కాదు. దిగి చూస్తే ఆయన చెప్పిన పక్కనే ఏదో ఒక వైరు ఇనప అంచుకి రాసుకుని తోలు ఊడి కనపడేది.

ఇలా పావుగంటా ఇరవై నిమిషాలూ చొప్పున కొన్ని వందల సినిమాలు ఆయన చెవిన పడ్డాయి. ఒక్కదానికీ ఆఖరు తెలియదు. చేతులు తుడుచుకుంటూ డ్రైవర్ని అడిగేవాడు, "ఇంతకీ ఆ అమ్మాయి దొరికిందాండి?" డ్రైవరు కథంతా చెప్పేవాడు. చివర్లో ఎవరైనా చచ్చిపోతే, "అయితే నేనిక్కడిదాకా వినడమే మంచిదైందండి," అని మోపెడ్ ఎక్కేవాడు.

బాగైపోయిందని ఆయన నోటంట నేనెప్పుడూ వినలేదు. "ప్రస్తుతానికి పలుకుద్దండి" అనేవాడు. రెండ్రోజుల తర్వాత పిలవకుండానే వచ్చి, ప్లేయరు ఆన్ చేసి, రెండు నిమిషాలు విని వెళ్ళిపోయేవాడు. అంతకు ముందు చేసినవాడు వైర్లన్నీ చిక్కుముడి వేసి పోయాడని నేనొకసారి తిడుతుంటే, "ఆయనకి ఆ పూట ఎంత తొందరుందోనండి," అని ఒక్కో ముడీ విప్పుతూ కూర్చున్నాడు. నా తిట్లు అయిపోయాయి కాని ఆయన ముడులు ఇంకా ఉన్నాయి.

ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఎర్తు గురించి చెప్పింది. ఎర్తంటే పని చేసిన కరెంటు తిరిగి వెళ్ళడానికి బస్సు బాడీకి బిగించే వైరు. "సినిమా ఆగితే అందరూ వచ్చే కరెంటునే వెతుకుతారండి. వెళ్ళే దారి ఎవరూ చూడరు. పనికొచ్చినోడికి ఇంటికెళ్ళే దారి కూడా ఉండాలి కదండి. అది మూసేత్తే వాడెంతసేపు నిలబడతాడు?" పదింట తొమ్మిదిసార్లు జబ్బు అక్కడే దొరికేది. మా కాలవల గాలికి స్క్రూలు ఊరికే చిలుం పట్టేస్తాయి. గరుకు కాయితంతో ఆ పచ్చటి పొడి గీకి, గ్రీజు రాసి, పైన ట్యూబు ముక్క చుట్టేవాడు.

ఆదివారం చర్చి అయ్యేదాకా ఫోను ఎత్తేవాడు కాదు. వాళ్ళ ఊరి చర్చిలో మైకు సెట్టు కూడా ఆయన చూసుకునేదే. మధ్యాహ్నం తెల్లచొక్కాతోనే వచ్చి చేతులు పైకి మడుచుకుని పనిలో దిగేవాడు. ఇంకొక సంగతి. నా బస్సు ఎక్కేముందు ఆయన చెప్పులు కిందే విడిచేవాడు. డాష్‌బోర్డు మీద దేవుడి పటం ఉందని. నేను చెప్పలేదు. నా డ్రైవరు రోజూ చెప్పులతోనే ఎక్కేవాడు, నేనూ అంతే.

ఆ పటం దగ్గరే వచ్చింది చిక్కు. వేరేచోట్ల కొబ్బరికాయ టైరు దగ్గరో బంపరు మీదో కొట్టి ఊరుకుంటారు. మా స్టాండులో అలా కాదు. ప్రతి శుక్రవారం, ప్రతి ట్రిప్పు ముందు, బస్సు లోపలే పటం ముందు ఇనప కడ్డీతో కాయ కొట్టి, ఆ నీళ్ళు పటానికీ స్టీరింగుకీ టీవీకీ చిలకరిస్తేనే మాకు తృప్తి. మా నాన్న లారీ నడిపిన రోజుల నుంచీ నేను చూసింది అదే.

ఆ శుక్రవారం పొద్దున్న యాత్రకి నలభై మంది ఎక్కి కూర్చున్నారు. పూజయింది. హారతి పాట పెట్టిన పది నిమిషాలకి ఆంప్లిఫయరు గుయ్‌మంది, తెర మీద గీతలు పడ్డాయి, ఆరిపోయింది. రెండు వారాలుగా ఇదే వరస. అప్పటికే ప్లేయరు మార్చాను, కేబులు మార్చాను. బస్సులో ముసలమ్మలు అపశకునం అంటున్నారు. మిగతా బస్సుల ఓనర్లు, డ్రైవర్లు చుట్టూ చేరి తలో సలహా ఇస్తున్నారు. ఫోను చేస్తే ఆయన పావుగంటలో వచ్చాడు.

"ఆఖరుసారి శుభ్రంగా పలికినప్పుడు..." అని మొదలుపెట్టాడు.

"ఇప్పుడా ప్రశ్నలు? జనం కూర్చున్నారు, చూడండి ముందు," అని కసిరాను.

ఆయన డ్రైవర్ని అడిగాడు. "మళ్ళీ ఎప్పుడు పలుకుద్దండి?"

"మధ్యాహ్నానికి దానంతటదే వచ్చేస్తుందండి."

"రోజూనాండి?"

"లేదండి. శుక్రవారాలు, ట్రిప్పు రోజులు."

ఆయన చెప్పులు విడిచి ఎక్కి, డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్నాడు. కాసేపటికి లేచాడు. వేళ్ళకి పచ్చగా చిలుం. నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "ఓనరుగారండి, ఓసారి పక్కకొత్తారా?" అన్నాడు.

"రహస్యమేంటి? ఇక్కడే చెప్పండి."

"ఆయ్... పక్కకైతే బాగుంటాదండి."

"ఇక్కడ పరాయివాళ్ళెవరున్నారు? చెప్పండి!"

ఆయన చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు, పటం వైపు చూశాడు. ఎంత నెమ్మదిగా చెప్పొచ్చో అంత నెమ్మదిగా చెప్పాడు. "కొబ్బరినీళ్ళు లోపలికి దిగుతున్నాయండి. ఎర్తు బిగించిన చోట చిలుం పట్టేసింది. తడున్నంతసేపు ఆగుద్ది, ఆరాక పలుకుద్ది. కాయ టైరు దగ్గర కొట్టుకుంటే..."

మాట పూర్తి కానివ్వలేదు నేను. "దేవుడికి కొట్టిన కొబ్బరికాయ వల్ల బస్సు పాడైందంటావా? చర్చికెళ్ళేవాడివి, నీకు అలాగే కనపడుద్ది. పని చేతకాక మా దేవుడి మీద పెడతావేంటి? ఇన్ని అబద్ధాలు చెప్పి బతకాలా?"

ఏడేళ్ళుగా 'మీరు' అన్న మనిషిని ఆ పూట 'నువ్వు' అన్నాను. ఆ మాటలో ఉన్నది మతం ఒక్కటే కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, చుట్టూ నిలబడ్డవాళ్ళకీ తెలుసు.

ఆయన వేళ్ళు సంచి గుడ్డకి తుడుచుకున్నాడు. దీపం వైర్లు నెమ్మదిగా చుట్టి లోపల పెట్టుకున్నాడు. "నాదే పొరపాటండి. చిలుం గీకేశాను, ప్రస్తుతానికి పలుకుద్ది," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. స్విచ్చి వేస్తే పలికింది. హారతి పాటతో బస్సు కదిలింది. పక్క బస్సు ఓనరొకడు నా భుజం తట్టి, "బాగా గడ్డి పెట్టారండి," అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధమైతే పాట మళ్ళీ ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

రెండు వారాలు తిరిగేసరికి నా మాట పెద్దదై నా చెవికే వచ్చింది. గుళ్ళకెళ్ళే బస్సులకి కావాలనే వైరు వదులు చేస్తాడట. నేను అలా అనలేదు. కాదని కూడా అనలేదు. మా స్టాండులో అందరికంటే పెద్ద ఓనరు, అరవై దాటిన మనిషి, "మనకెందుకొచ్చిన గొడవండి, కాకినాడ నుంచి ఎవరినైనా పిలుద్దాం," అన్నాడు. ఆ తర్వాత ఏడు బస్సుల్లో ఒక్కటీ ఆయన్ని పిలవలేదు. ట్రాక్టర్ల లైట్లు, మిక్సీలు బాగుచేసుకుంటున్నాడని విన్నాను. ఒకసారి రైసుమిల్లు ముందు ట్రాక్టరు కింద నుంచి లేస్తూ నన్ను చూసి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. నేను ఫోను చూసుకుంటున్నట్టు వెళ్ళిపోయాను.

కొన్నాళ్ళకి నా బస్సులో టీవీ పూర్తిగా పోయింది. కాకినాడ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియను డాష్‌బోర్డు మొత్తం విప్పి నన్ను పిలిచాడు. పటం కింద, వైర్లకి పైన, ప్లాస్టిక్ సీసాని నిలువునా కోసి చేసిన చిన్న తూము ఒకటి ఉంది. సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టి ఉంది. పాతబడి పసుపురంగుకి తిరిగింది. పైన పడ్డ నీళ్ళు వైర్ల మీద పడకుండా ఒక పక్కకి జారి బస్సు నేలలోని కన్నం గుండా బయటికి పోయేలా వాలుగా అమర్చి ఉంది.

"ఎవరండీ ఇది చేసింది? మంచి పనివాడు. దేవుడి నీళ్ళకి దారి పెట్టాడు," అన్నాడతను. "మీ పటానికి స్టీలు ఫ్రేము వేసినవాడు స్క్రూ దింపి దీన్ని పక్కకి నెట్టేశాడు. అప్పట్నుంచి నీళ్ళన్నీ ఎర్తు మీదే పడుతున్నాయి."

ఆ ఫ్రేము నేనే ముచ్చటపడి వేయించాను, ఆ శుక్రవారానికి రెండు వారాల ముందు. అంటే ఆయనకి ఎన్నో ఏళ్ళ ముందే ఈ నీళ్ళ సంగతి తెలుసు. నాకు చెప్పి పూజ మాన్పించడం ఇష్టంలేక, నా పూజ సాగేలా లోపల ఏర్పాటు చేసి ఊరుకున్నాడు. ఆ రోజు డాష్‌బోర్డు కింద పడుకుని తూము పక్కకి జరిగిపోవడం చూసే ఉంటాడు. దాని సంగతి మాత్రం ఎత్తలేదు.

"ఎవరు చేశారండీ?" అని అతను మళ్ళీ అడిగాడు.

"తెలియదు," అన్నాను.

అక్కడినుంచి పదకొండు నెలలు. రెండుసార్లు వాళ్ళ ఊరికని బయలుదేరి లాకుల దగ్గర బండి తిప్పేశాను. ఆయన మర్చిపోయి ఉంటాడు, మళ్ళీ కదిపితే బాధపడతాడు అనుకున్నాను. నాకు కావలసిన చోట జాలి బాగానే పుట్టింది.

పోయాక జరిపే ఆదరణ కూడికకి వెళ్ళాను. చర్చి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఆయన చూసుకునే మైకు. వచ్చినవాళ్ళలో ఎవరైనా ఆయన గురించి సాక్ష్యం చెప్పవచ్చని పాస్టరుగారు ముందే అన్నారు. లేచి నిలబడి జరిగిందంతా చెప్పి క్షమాపణ అడగాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. ముందు ఆయన భార్యకి చెప్పాలనిపించి దగ్గరికి వెళ్ళాను. నేనెవరో చెప్పబోతే ఆవిడే అంది, "తెలుసండి. కొబ్బరికాయ బస్సు ఓనరుగారు."

"ఆ రోజు ఇంటికొచ్చి ఏమన్నారమ్మా?"

"అన్నం ముందు కూర్చుని ఒక్కటే అన్నారండి. పదిమందిలో చెప్పకుండా ఉండాల్సింది, ఆయన్ని చిన్నబుచ్చాను అని."

"ఎవర్నమ్మా?"

"మిమ్మల్నేనండి."

"ఆయన చెప్పింది నిజమమ్మా. నాకు తెలుసు. ఇక్కడ అందరి ముందూ చెప్పి క్షమించమని అడుగుదామని వచ్చాను," అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. అలిసిపోయి ఉంది, అంతే. "ఇక్కడెందుకండి? ఆయన అబద్ధమాడతారని ఇక్కడెవరూ అనుకోలేదు. అనుకున్నోళ్ళు మీ స్టాండులో ఉన్నారు. చెప్తే అక్కడ చెప్పండి." ఒక కుర్చీ చూపించి, "కూర్చోండి. భోంచేసి వెళ్ళండి," అంది.

కూర్చున్నాను. సాక్ష్యాలన్నీ విన్నాను. నేను లేవలేదు. అక్కడ లేచి ఉంటే నలుగురూ కళ్ళు తుడుచుకుని నన్ను దగ్గరికి తీసుకునేవారేమో. ఆవిడ నాకు ఆ సుఖం లేకుండా చేసింది. అది న్యాయం.

తర్వాతి శుక్రవారం పొద్దున్న, పూజల వేళకి స్టాండుకి వెళ్ళి అందర్నీ కిందికి పిలిచాను. పెద్ద ఓనరు కొబ్బరికాయ చేత్తో పట్టుకునే దిగాడు. "ఏంటండి, పొద్దున్నే పంచాయితీ?" అన్నాడు.

"వీడియో మేస్త్రిగారి గురించండి. ఆ రోజు కొబ్బరినీళ్ళ సంగతి ఆయన చెప్పింది నిజం. నేనన్నదే అబద్ధం. ఆయన మన బస్సులకి కావాలని ఏ వైరూ పీకలేదు. నా బస్సులో ఆ నీళ్ళు పోవడానికి ఆయన దారి కట్టి ఉంచాడు. అది చెడగొట్టుకున్నది నేను."

"పోయినాయన గురించి ఇప్పుడెందుకండి ఇదంతా," అన్నాడొక డ్రైవరు.

"ఉన్నప్పుడు చెప్పలేదు కాబట్టండి."

పెద్ద ఓనరు నన్ను తేరిపార చూశాడు. "మీకెప్పుడు తెలిసింది?"

"పదకొండు నెలలైందండి."

"పదకొండు నెలలు," అన్నాడాయన. "నేను నా నోటితో నాలుగూళ్ళలో చెప్పానండి, ఆయన్ని పిలవొద్దని." బస్సెక్కి లోపల పాట ఆపించేశాడు. భుజం తట్టినాయన నా వైపు చూడలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు, ఊరడించనూ లేదు. ఒక్కొక్కరే ఎవరి బస్సులోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఆవిడకి ఫోను చేశాను. "చెప్పానమ్మా."

"అందరూ ఉన్నారాండి?"

"ఇద్దరు లేరమ్మా. ట్రిప్పుకెళ్ళారు."

"వాళ్ళొచ్చాక వాళ్ళకీ చెప్పండి," అంది.

ఆదివారం ఒకాయన వచ్చాడు. బస్సు దిగకముందే ఎక్కి చెప్పాను. రెండో ఆయన మంగళవారం వస్తాడు.